రెండో చొక్కాకు ముందస్తు అనుమతి

గోనె సంచుల నియంత్రణ శాఖలో సీనియర్ అసిస్టెంటు మజ్జి సన్యాసిరావు కొర్రీ వేయకుండా వదిలిన ఫైలు ఇంతవరకు పుట్టలేదు. సర్కారు ఆఫీసు గుమ్మం తొక్కని అదృష్టవంతుల కోసం చెప్పాలంటే, కొర్రీ అంటే పని జరగకుండా ఆపే ప్రశ్న. అది ఎప్పుడూ సమంజసంగానే ఉంటుంది, దానితో వచ్చిన చిక్కే అది. దేవుడు దిగివచ్చి వరమిస్తానని కాగితం మీద రాసిచ్చినా, "వరము ఏ పద్దు కింద ఇవ్వబడుచున్నదో తెలుపగలరు" అని ఎర్ర సిరాతో అంచున రాసి వెనక్కి పంపగల సమర్థుడు సన్యాసిరావు. అలాగని చెడ్డవాడు కాదు, లంచగొండి అసలే కాదు. కొందరికి ముక్కుపొడి, కొందరికి చుట్ట, ఇతనికి కొర్రీ. కాగితం కనబడితే చెయ్యి ఊరుకోదు.

ఇదంతా అతని మొదటి బతుకు. రెండోది బజారులో బావమరిది త్రినాథ్ నడిపే షామియానా సామాన్ల కొట్టు అటక మీద సాగేది. ఆదివారాలూ సెలవు రోజులూ అతను నిచ్చెనెక్కి పైకి పోయేవాడు. ఒకదానిమీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలకూ చుట్టచుట్టిన పరదాలకూ మధ్య, పెళ్లికొడుకులకు అద్దెకిచ్చే ఎర్ర మఖమల్ సింహాసనం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని టీవీ సీరియల్ రాసేవాడు.

దొంగచాటుగా ఎందుకు రాయాలంటే, దానికీ ఒక ఫైలుంది. ఉద్యోగి కథలు రాయాలంటే శాఖ అనుమతి కావాలి. పెళ్లయిన కొత్తలోనే సన్యాసిరావు దరఖాస్తు పెట్టుకున్నాడు. "రాయబోవు కథ నకలు జతపరచవలెను" అని జవాబు వచ్చింది. జతపరిచాడు. "అనుమతి లేకుండా కథ రాసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను" అని ఇంకో జవాబు వచ్చింది. సంజాయిషీ ఇచ్చుకుని బయటపడ్డాడు గాని, ఆ కొర్రీ అందానికి లోలోపల ముచ్చటపడకుండా ఉండలేకపోయాడు. ఆ తర్వాత రాయడం మానలేదు, అడగడం మానేశాడు.

అంచేత తెర మీద పడే పేరు త్రినాథ్‌ది. లాల్చీ తొడుక్కుని, భుజాన గుడ్డసంచి తగిలించుకుని, విశాఖపట్నంలో ఒక చిన్న టీవీ చానలు ఆఫీసుకు వెళ్లి కథ వినిపించి వచ్చేదీ త్రినాథే. చదువు పదో తరగతి దగ్గర ఆగినా, ఊళ్లో పెళ్లిళ్లన్నీ తన కుర్చీల మీదే జరుగుతాయి కనుక నలుగురిలో మాట్లాడ్డానికి జంకు లేనివాడు. మొదట్లో బావ నేర్పిన మాటలు అప్పజెప్పేవాడు. కొన్నాళ్లు "రచయితగారూ" అని పిలిపించుకున్నాక, తలకాయ కొద్దిగా పక్కకు వాల్చి ఆలోచించడం కూడా నేర్చుకున్నాడు.

సీరియల్ పేరు 'రెండో చొక్కా'. అందులో కథానాయకుడు భార్గవ పగలంతా గోనె సంచుల ఆఫీసులో గుమస్తా. సాయంత్రం చొక్కా మార్చుకుంటే దేశం కోసం పనిచేసే గూఢచారి. రేవులో దిగే సంచుల్లో శత్రువులు ఏం దాచి పంపుతున్నారో కనిపెట్టడం అతని పని. ఆఫీసులో అతనంటే ఎవరికీ లెక్కలేదు. ఇంట్లో పెళ్లాం కూడా ఒట్టి వాజమ్మ అనుకుంటుంది. ఈ వాజమ్మను సన్యాసిరావు ఎక్కణ్ణుంచి తెచ్చాడో వేరే చెప్పనక్కర్లేదు.

భార్య గౌరీశ్వరికి ఈ గుట్టు తెలియదు. మనిషి మంచిదే గాని నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న ఆమె చెవిన వేస్తే మధ్యాహ్నానికల్లా ఆఫీసుకు చేరుతుంది. మొదటి భాగం వచ్చిన సాయంత్రం ఆమె వీధిలో ఆడవాళ్లందర్నీ పిలిచి చాపలు పరిచి కూర్చోబెట్టింది. తమ్ముడు రాసిన సీరియల్ మరి.

"చూసారేటండీ ఆ భార్గవని?" అంది అందరూ వెళ్లాక. "మగాడంటే అలాగుండాల. మీరూ ఉన్నారు, అదే ఆఫీసు, అవే సంచులు. ఏటి లాభం? ఇంటికొచ్చి చెప్పులిప్పీసి, పకోడీలున్నాయేటి అంటారు."

సన్యాసిరావు ఇంకో పకోడీ తీసుకున్నాడు. లోపల మాత్రం పొంగిపోయాడు. నిజానికి ఆ సీరియల్ అంతా అతను ఒక్క దృశ్యం కోసమే రాస్తున్నాడు. చివర్లో భార్గవ భార్య ఆ రెండో చొక్కా ఉతకబోయి, దాని చేతి మీద కాలిన మచ్చ చూస్తుంది. ముందురోజు రేవులో మంటల్లోంచి కూలీల పిల్లల్ని మోసుకొచ్చిన మొహం తెలియని మనిషి ఎవరో ఆమెకు అర్థమవుతుంది. ఏమీ అడగదు. చొక్కాను గుండెకు అదుముకుని వచ్చి, అన్నం తింటున్న మొగుడి పక్కన కూర్చుని, ఇంకొంచెం వడ్డిస్తుంది. అంతే. ఆ దృశ్యం తెర మీదకు వచ్చిన సాయంత్రం గౌరీశ్వరి పక్కన కూర్చుని, "ఇది రాసింది నేనే" అని చెప్పాలని సన్యాసిరావు ఆశ. ఊరంతా తెలిస్తే తెలిసింది, ఉద్యోగం పోతే పోయింది అనేంత ధైర్యాన్ని ఆ ఒక్క సాయంత్రం కోసం దాచుకున్నాడు పాపం.

ఇంతలో జాయింట్ డైరెక్టర్ పరాంకుశంగారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. పరాంకుశంగారు ఉత్తర్వులు రాసీ రాసీ మామూలు మాట మరచిపోయిన మనిషి. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా "దాహ నివారణకు తగు చర్య గైకొనుము" అంటారని ఆఫీసులో చెప్పుకునేవారు.

"ఆ సీరియల్ చూచితివా? మన శాఖ ఉద్యోగి పని వేళలలో గూఢచర్యము చేయుచున్నాడు. చూచిన ప్రజలు ఏమనుకొందురు? ఈ శాఖలో పని లేదనుకొందురు. కావున ఇకమీదట మన ధ్రువీకరణ లేనిదే ఏ భాగమూ ప్రసారము కారాదని పైనుండి ఉత్తర్వు తెప్పించితిని. వాస్తవ పరిరక్షణ సంఘమును నెలకొల్పితిని. అధ్యక్షుడను నేను. సభ్యులు నీవు."

"సార్, ఆ రచయిత నాకు బావమరిది. చుట్టరికం ఉన్నచోట నేను కూర్చోవడం..." అని నసిగాడు సన్యాసిరావు.

"అది అనర్హత కాదయ్యా, అదనపు అర్హత. ఆఫీసులో తప్పించుకొన్నవాడు నీ ఇంట పప్పన్నము దగ్గర దొరుకును. అన్నట్లు, సూపరింటెండెంటు స్థానము ఖాళీగా ఉన్న సంగతి నీ దృష్టిలో ఉన్నదనుకొందును."

అలా సన్యాసిరావు రాసింది సన్యాసిరావు బల్ల మీదకే వచ్చింది. 'అభ్యంతరము లేదు' అని రాసి సంతకం పెట్టేద్దామనే అతను కలం తెరిచాడు. తెరిచింది ఎర్ర సిరా కలం. భార్గవ కండువాను కుర్చీకి తగిలించి ఆఫీసు నుంచి జారుకునే దృశ్యం కనబడింది. కండువా ఉంటే మనిషి ఉన్నట్టే. ఆఫీసులో అందరూ చేసే పనే అది, సన్యాసిరావు చూసి రాసిందే. అయినా చెయ్యి దురద పెట్టింది. "ఉద్యోగి స్థానమును విడుచునపుడు అనుమతి పొందినట్లు చూపబడలేదు" అని రాశాడు. రాశాక దాని కింద మరోటి తట్టింది. ఉద్యోగి రెండో కొలువు చేయాలంటే శాఖ ముందస్తు అనుమతి ఉండాలి కదా! అదీ రాసేశాడు. రాసినంతసేపూ అటక మీది సింహాసనం మీద కూర్చున్నంత హాయిగానే ఉంది.

సంఘం ముందు హాజరు కమ్మని రచయితకు కబురు వెళ్లింది. త్రినాథ్ లాల్చీ ఇస్త్రీ చేయించుకుని వచ్చి, బల్లకు అవతల కూర్చున్న బావను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"మీ కథానాయకుడు గూఢచర్యమునకు అనుమతి కొరకు దరఖాస్తు చేసుకొనవలెను," అన్నారు పరాంకుశంగారు. "ఆ దరఖాస్తును ఎవరికైనా అభ్యంతరములున్నవేమో తెలుసుకొనుటకై నోటీసు బోర్డులో ఉంచవలెను."

"నోటీసు బోర్డులో పెట్టీస్తే ఇంక గూఢచారేటండీ బాబూ?" అన్నాడు త్రినాథ్. "దండోరా వేసీవోడు అవుతాడు గానీ."

"గోప్యతకును పారదర్శకతకును వైరము లేదు రచయితగారూ. గోప్యతను కూడ పారదర్శకముగా పాటించుటయే మన విధానము. ఏమయ్యా సన్యాసిరావూ?"

"అంతే సార్," అన్నాడు సన్యాసిరావు, బావమరిది కళ్లల్లోకి చూడకుండా.

ఆ వారం భార్గవ నోటీసు బోర్డు ముందు నిలబడి తన దరఖాస్తు తనే చదువుకున్నాడు. పక్కనే నిలబడి శత్రువుల ముఠా నాయకుడూ చదివాడు. ఇద్దరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది. గౌరీశ్వరి చాప మీద కూర్చున్న పొరుగామె వైపు తిరిగి, "ఏదో ఎత్తు వేస్తున్నాడు మా తమ్ముడు, మీరు చూస్తుండండి," అంది గాని, గొంతులో మునుపటి ధీమా లేదు.

ఎత్తు మీద ఎత్తు పడుతూనే ఉంది. భార్గవ అబద్ధాలాడుతున్నాడు, శాఖ ఉద్యోగి అబద్ధమాడకూడదు. కాబట్టి ముఠా వాడు పీక మీద కత్తి పెట్టి "ఎవడ్రా నువ్వు?" అన్నప్పుడు భార్గవ, "తగు మార్గము ద్వారా అడుగగలరు," అన్నాడు. ముఠా వాడు బుద్ధిమంతుడల్లే కత్తి జేబులో పెట్టుకుని వెళ్లి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. గడువు లోపలే భార్గవ తన వివరాలన్నీ తనే నకలు తీసి, ముద్ర వేసి పంపాడు. మారువేషం విషయంలోనూ పేచీ వచ్చింది. ఉద్యోగి విధి నిర్వహణలో ఉన్నంతసేపూ గుర్తింపు కార్డు మెడలో కనబడాలి. అందుకని గడ్డం అతికించుకుని, చేతిలో నెమలీకల కట్ట పట్టుకుని ఫకీరు వేషంలో రేవుకు పోయిన భార్గవ మెడలో, ఫొటోతో సహా శాఖ కార్డు వేలాడింది.

ఇక శత్రువు ఏ వైపు నుంచి వస్తాడన్నది సంఘంలో పెద్ద చర్చ అయింది. తూర్పు నుంచి అంటే సముద్రం, చేపల శాఖ వారు నొచ్చుకుంటారు. పడమర అంటే అడవుల శాఖ. దిక్కు చెప్పకపోతే అన్ని శాఖలూ భుజాలు తడుముకుంటాయి. చివరకు పరాంకుశంగారే ఉపాయం చెప్పారు. శత్రువుగా తేమను పెట్టారు. గోనె సంచులకు తేమను మించిన పగవాడు లేడని, దానివల్ల ప్రజలకు అవగాహన కూడా కలుగుతుందని ఆయన ఉద్దేశం. దేశభక్తుడైన భార్గవ ఒక భాగమంతా తడిసిన సంచులు ఆరబెట్టాడు.

ఆ వారం చాపల మీద జనం పలచబడ్డారు. "ఇది మా తమ్ముడు రాసింది కాదు," అంది గౌరీశ్వరి టీవీ కట్టేస్తూ. "ఎవడో చెయ్యి పెట్టి పాడుచేస్తున్నాడు. ఆడి చెయ్యి పడిపోను." సన్యాసిరావు తన కుడిచేతిని పంచె కింద దాచుకున్నాడు.

తర్వాతి ఆదివారం అటక మీద బావా బావమరుదులకు మాటామాటా వచ్చింది.

"కొర్రీ నువ్వే వేస్తావు, దానికి జవాబూ నువ్వే రాస్తావు, మధ్యన తిట్లు నాకేటి బావా?" అన్నాడు త్రినాథ్. "టీ కొట్టు దగ్గర నన్ను చూసి, తేమ ఎలాగుందండీ రచయితగారూ అంటన్నారు. నాను రాయలేదు గానీ, నా పేరు మీద వచ్చినాక నాకూ పేనం కొట్టుకుంటాది కదా!"

"ఏం చెయ్యమంటావురా? ఏదో ఒకటి రాయకపోతే ఆయనకు అనుమానం వస్తుంది."

"అనుమానం కాదు బావా. నీకు సరదా. రాస్తున్నప్పుడు నీ మొహం నాను చూసినాను."

అబద్ధం చెప్పడానికి అది ఆఫీసు కాదు. సన్యాసిరావు కాసేపు సింహాసనం పిడి మీది మఖమల్‌ను గోటితో గీరుతూ కూర్చున్నాడు. "ఈసారి వచ్చేది చొక్కా దృశ్యం. నీ మీద ఒట్టు, దాని మీద ఒక్క చుక్క సిరా పెట్టను," అన్నాడు చివరికి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

సంఘం కూర్చుంది. బల్ల మీద కాగితాలున్నాయి, అంచులు తెల్లగా ఉన్నాయి. "చదువు," అన్నారు పరాంకుశంగారు. సన్యాసిరావు చదివాడు. భార్య చొక్కా తీయడం, కాలిన మచ్చ చూడడం, వచ్చి మొగుడి పక్కన కూర్చుని అన్నం వడ్డించడం. చదవడం పూర్తయింది. త్రినాథ్ గుడ్డసంచితో కళ్లు ఒత్తుకున్నాడు. పరాంకుశంగారు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బాగున్నది," అన్నారు. అలా మామూలు మనిషిలా ఆయన మాట్లాడగా ఎవరూ వినలేదు. "చాలా బాగున్నదయ్యా. మా ఆవిడ గుర్తుకు వచ్చినది." అంతలోనే కళ్లద్దాలు పెట్టుకుని కాగితాల అంచులు చూశారు. "అయితే సన్యాసిరావూ, ఇందులో నీకు ఏమియు కనబడలేదా?"

"లేదు సార్."

"ఏమియు?"

బల్ల అవతల త్రినాథ్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. 'లేదు' అని ఇంకొక్కసారి అంటే చాలు. ఇక్కడ సన్యాసిరావు మీద జాలి పడేవాళ్లు పడవచ్చు, నేను పడను. అతన్ని అప్పుడు ఎవరూ బెదిరించలేదు, పరాంకుశంగారు సూపరింటెండెంటు పోస్టు మాట ఎత్తనే లేదు. అసలు సంగతి ఏమిటంటే, ఆ దృశ్యంలో ఒక కొర్రీ ఉంది. అటక మీద రాస్తున్నప్పుడే అది అతనికి కనబడింది. చాలా అందమైన కొర్రీ, శాఖలో ఇంతవరకు ఎవరికీ తట్టనిది. వారం రోజులుగా నాలుక చివర దురద పెడుతోంది. ఈ గదిలో అది తనకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంటే ప్రాణం ఆగలేదు.

"అంటే... చిన్నదొకటుంది సార్," అన్నాడు. "భార్య అంటే నామినీ కదండీ. ప్రాణాపాయమున్న పనిలో ఉద్యోగి దిగేటప్పుడు నామినీకి ముందే తెలియజేసి సంతకం తీసుకోవాలి. అంచేత ఆవిడకి మొదటి భాగంలోనే తెలిసి ఉండాలి. తెలిసినావిడ ఇప్పుడు కొత్తగా తెలుసుకోవడమనేది... నిబంధనలకు విరుద్ధం."

పరాంకుశంగారు కుర్చీలోంచి లేచారు. "భేష్! నీవు ఉండగా ఈ శాఖకు ఏ లోటును రానేరదు!"

త్రినాథ్ లేచి, లాల్చీ దులుపుకుని, బయటికి వెళ్లిపోయాడు.

ఆ భాగం ప్రసారమైంది. భార్గవ భార్య చొక్కాను బకెట్లో ముంచుతూ, "ఏమండీ, గూఢచర్యం చేసేటప్పుడు మోచేతులు కాల్చుకోకండి, మచ్చ వదలడం లేదు," అంది. "సంతకం పెట్టినప్పుడే చెప్పాను కదా!" భార్గవ అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. తేమ గురించి ఒక సూచనతో భాగం ముగిసింది. సీరియల్ కూడా దానితోనే ముగిసింది. మరుసటి వారం అదే సమయానికి చానలు వారు ఆవకాయ పెట్టడం చూపించారు, దాన్ని జనం బాగా చూశారట.

శాఖలో మాత్రం పండగ వాతావరణం. ఒక సీరియల్‌ను సంపూర్ణంగా నిబంధనల ప్రకారం నడిపించి, నిబంధనల ప్రకారమే ఆపించిన ఘనత తమదేనని పరాంకుశంగారు పైకి నివేదిక పంపారు. సన్యాసిరావుకు సూపరింటెండెంటుగా ప్రమోషను వచ్చింది. ఆఫీసు ఆవరణలో సన్మానం పెట్టారు. ఊళ్లో షామియానా కొట్టు ఒక్కటే కనుక త్రినాథే వచ్చి పందిరి వేసి, కుర్చీలు వరసగా సర్ది, వేదిక మీద ఎర్ర మఖమల్ సింహాసనం పెట్టించి వెళ్లిపోయాడు. సన్యాసిరావును దాని మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. చేతి కింద మఖమల్ మీద తాను గోటితో గీరిన చోటు గరుకుగా తగిలింది. ఉపన్యాసాలు అయిపోయేవరకు అతను ఆ చోటునే తడుముతూ కూర్చున్నాడు.

శాలువాతో ఇంటికి వచ్చేసరికి గౌరీశ్వరి కంచం పెట్టి ఉంది. మొహం మాత్రం అటు తిప్పుకుంది. సన్మానం పుణ్యమా అని ఊరంతా తెలిసిపోయింది, సీరియల్‌ను చంపిన చెయ్యి ఎవరిదో. సన్యాసిరావు శాలువా తీసి మూల పడేశాడు. దాచుకున్న ధైర్యం ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"గౌరీ, నీకొక మాట చెప్పాలి. ఆ సీరియల్ రాసింది మీ తమ్ముడు కాదు. నేను. అటక మీద కూర్చుని నేనే రాశాను."

గౌరీశ్వరి అతన్ని ఎగాదిగా చూసింది. "ఆడి నోటికాడ కూడు తీసీసారు. ఇప్పుడు ఆడి పేరు కూడా కావాలేటి మీకు?"

"త్రినాథ్‌నే అడుగు."

"అడిగితే అవుననే అంటాడు. ఆడు మెతక. బావ మాట ఏనాడు కాదన్నాడు గనక?"

ఇక సన్యాసిరావుకు వేరే దారి కనబడలేదు. తెర మీదకు రాని ఆ దృశ్యాన్ని మొదట్నుంచి చెప్పాడు. కాగితం లేదు, కంఠతా వచ్చు. కాలిన మచ్చ దగ్గరికి వచ్చేసరికి గౌరీశ్వరి వింటూ వింటూ గోడకు చేరబడింది. చొక్కాను గుండెకు అదుముకున్న చోట ఆమె కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా రాలాయి. భార్య వచ్చి మొగుడి పక్కన కూర్చుని ఇంకొంచెం అన్నం వడ్డిస్తుంది అని చెప్పి అతను ఆగాడు. ఇన్నేళ్లుగా ఎదురుచూసింది ఈ మొహం కోసమే.

"ఎంత బాగా రాసాడండీ నా తమ్ముడు," అంది గౌరీశ్వరి వెక్కుతూ. "ఇంత బాగా రాసింది మీ చేతికిస్తే, నామినీ అని రాసి చంపీసారా? మీకు చేతులెలా వచ్చాయండీ?"

"గౌరీ, నిజంగా నేనే..."

"మీరే రాస్తే, మళ్లీ మీరే ఎందుకు పాడుచేసుకుంటారు? కన్నబిడ్డ పీక ఎవడైనా నొక్కుకుంటాడేటి? చెప్పండి!"

సన్యాసిరావు నోరు తెరిచాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేని కొర్రీ అది. దానికి ఏం రాయాలో సూపరింటెండెంటుగారికి తోచలేదు.

గౌరీశ్వరి కళ్లు తుడుచుకుని, అన్నం గిన్నె మీద మూత పెట్టేసి, తమ్ముణ్ణి ఓదార్చడానికి బజారు వైపు వెళ్లిపోయింది.